ముందే కోసిన రొట్టె

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి మా మావయ్యకు యాభై ఏడేళ్ళు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. బట్టీ పెద్దాయన అంటేనే తెలిసేది. ఇంటి వెనక గదిలో వాళ్ళ నాన్న ఇటుకలతో కట్టిన రొట్టెల బట్టీ ఉండేది. పదకొండో ఏట దాని ముందు నిలబడ్డ మనిషి, జ్వరమొచ్చిన రోజులు తప్ప మళ్ళీ పక్కకు జరగలేదు.

కుడి ముంజేతి మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ఆ చేతిని బట్టీలోకి చాపి మనసులో అంకెలు లెక్కపెట్టేవారు. ఎనిమిది దాకా ఓర్చుకోగలిగితే వేడి సరిగ్గా ఉన్నట్టు. ఆరుకే తీసేయాల్సి వస్తే కాసేపు ఆగాలి. పది దాటిందా, ఇంకో రెండు కట్టెలు పడాల్సిందే. ఇంట్లో ఎక్కడా థర్మామీటరు లేదు. కొత్తలో నేను ఆ గది గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూసేదాన్ని. పొడుగాటి చెక్క తెడ్డుతో రొట్టెల్ని బయటికి లాగి బల్ల మీద పెట్టగానే, చల్లగాలి తగిలి వాటి పై పొర సన్నగా చిటపటలాడేది. మావయ్య వేలెత్తి అందరినీ ఊరుకోమనేవారు.

"పాడుతున్నాయి. వినండి."

రోజుకు తొంభై రొట్టెలు. తొంభై ఒకటోది ఎవరడిగినా చేసేవారు కారు. కోసి ఇమ్మంటే ఇచ్చేవారు కారు. కాల్చడం నా వంతు, కోసుకోవడం మీ వంతు అనేవారు.

ఇబ్బందల్లా నా ఉద్యోగంతో వచ్చింది. ఊరి చివర బ్రెడ్ ఫ్యాక్టరీలో, కోత గదిలో, పెళ్ళికి మూడేళ్ళ ముందు నుంచీ పనిచేస్తున్నాను. తెల్లటి బ్రెడ్డు, సమంగా కోసిన ముక్కలు, ప్లాస్టిక్ సంచి, మూతికి ఒక క్లిప్పు. పెళ్ళి మాటలప్పుడే ఉద్యోగం మాననని చెప్పేశాను. మావయ్య అన్నీ విని ఒకటే అడిగారు.

"అక్కడ నువ్వేం చేస్తావమ్మా?"

"బ్రెడ్డు కోస్తామండి."

"అమ్మకముందే?"

"అవునండీ."

"ఏం, తినేవాడికి చేతుల్లేవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళి జరిగిపోయింది.

ఆయన దృష్టిలో రొట్టె వేరు, బ్రెడ్డు వేరు. "దాన్ని బ్రెడ్డనుకో, దూదనుకో, నీ ఇష్టం. రొట్టె అని మాత్రం అనకు. అది పుట్టలేదమ్మాయ్, అచ్చు గుద్దారు," అనేవారు. ఫ్యాక్టరీలో మాకు వారానికి రెండు ప్యాకెట్లు ఊరికే ఇచ్చేవారు. అవి ఆయన తినే బల్ల మీదికి రావడానికి వీల్లేదు. ఫ్రిజ్ నెత్తిన కూర్చునేవి. ఒకసారి మా ఆయన స్నేహితుడికి మా ఫ్యాక్టరీలోనే డ్రైవరు ఉద్యోగం దొరికితే, అత్తయ్య సంతోషపడి, "పోనీలే, వాడి రొట్టె విరిగి నేతిలో పడింది," అన్నారు.

"ఎలా పడుతుందే?" అన్నారు మావయ్య వెంటనే. "అక్కడ ముందే ముక్కలు చేసి పెడతారుగా. ఇంక విరగడానికేం మిగిలింది?"

నేనూ తక్కువ తినలేదు. "మీ రొట్టె కావాలంటే పదింటికల్లా కొట్టు ముందు ఉండాలి మావయ్యా. ఆరింటికి షిఫ్టుకెళ్ళేవాళ్ళు ఎలా వస్తారు? వాళ్ళేం తినాలి?"

"ఆకలేసినవాడు వస్తాడు."

"వస్తే తొంభై మందికేగా మీరిచ్చేది?"

ఆయన పిండి చేతులు దులుపుకుని బట్టీ దగ్గరికి వెళ్ళిపోయారు. కోపమైతే తెచ్చుకోలేదు. అత్తయ్య మాత్రం వంటింట్లోంచి, "మీ మామా కోడళ్ళ మధ్య నన్ను కోసి పెట్టకండి," అని అరిచారు. అలా ఆరేళ్ళు గడిచాయి. ఈలోగా మాకొక పాప పుట్టింది.

పాపకు నాలుగేళ్ళు నిండిన ఏడాది, ఒక ఉదయం తొమ్మిదింటప్పుడు బట్టీ గదిలో తెడ్డు పడ్డ చప్పుడు వినిపించింది. మావయ్య చేతిలోంచి తెడ్డు జారడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మా ఆయన పరుగెత్తాడు. పిండి బస్తాకు చేరగిలబడి మావయ్య కూర్చుని ఉన్నారు. నోరు ఒక పక్కకు లాగేసింది. ఆ నోటితోనే, "లోపల పన్నెండున్నాయి, మాడిపోతాయి, ముందవి తియ్యరా," అన్నారట.

మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికొచ్చాక మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. మింగడానికి ఇబ్బంది లేదు. కర్ర పట్టుకుని గదిలోంచి గదిలోకి నడిచేవారు. కుడి చెయ్యి మాత్రం ఎవరో ఒళ్ళో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉండిపోయింది. బట్టీని మా ఆయన అందుకున్నాడు. చేతిని లోపలికి చాపి లెక్కపెట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు కాబట్టి రొట్టెలు ఆగలేదు. మావయ్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చూసేవారు. తప్పు కనిపిస్తే ఎడం చేత్తో కర్ర నేలకేసి కొట్టేవారు.

అసలు కష్టం తినే దగ్గర మొదలైంది. మా ఇంటి రొట్టె పై పొర పలకలా గట్టిగా ఉంటుంది. ఒక చెయ్యి అదిమి పట్టుకోవాలి, రెండో చెయ్యి కొయ్యాలి. మొదటి వారమే ఆయన ఎడం చేత్తో కత్తి పట్టారు. రొట్టె బల్ల మీద గిర్రున తిరిగింది. మళ్ళీ పట్టారు, మళ్ళీ తిరిగింది. కత్తి పక్కన పెట్టేసి, "ఆకలి లేదు," అన్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ కత్తి జోలికి పోలేదు, ఎవరినీ కొయ్యమనీ అడగలేదు. అత్తయ్యే చూసి కోసి ముందు పెట్టేవారు. ఆయన తలవంచుకుని తినేవారు. అత్తయ్య ఇంట్లో లేకపోతే ఆయనకు ఆకలి ఉండేది కాదు. ఐదు నెలలు అలాగే నడిచింది. పెళ్ళి మాటలప్పుడు ఆయన వేసిన చేతుల ప్రశ్న నాకు గుర్తొచ్చేది కానీ, నాలిక కరుచుకునేదాన్ని. ఆయనకూ గుర్తుందని ఆ వంచిన తల చూస్తే తెలిసేది.

ఒక రోజు అత్తయ్యకు కంటి ఆపరేషన్. మా ఆయన ఆవిణ్ణి తీసుకుని తెల్లారగానే ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ రోజు బట్టీకి సెలవు. నాకు ఉదయం షిఫ్టు, సెలవు దొరకలేదు. పక్కింటి టైలరమ్మ ఎనిమిదింటికి వచ్చి మావయ్యకూ పాపకూ పెడతానంది. బల్ల మీద ముందురోజు రొట్టె, వెన్న, జామ్ సీసా సర్ది నేను బస్సెక్కాను. ఆ తర్వాత జరిగిందంతా టైలరమ్మ నోటా పాప నోటా విన్నదే.

టైలరమ్మకు అర్జెంటు పని తగిలి ఆలస్యమైంది. పాప లేచింది. "తాతా, ఆకలి," అంది.

"ఆంటీ వస్తుంది, ఉండు."

"ఇప్పుడే ఆకలి."

మావయ్య రొట్టెను చచ్చుబడ్డ చేతికీ పొట్టకూ మధ్య ఇరికించి, ఎడం చేత్తో కత్తి పట్టారట. సరిగ్గా అప్పుడే టైలరమ్మ వాకిట్లోకి వచ్చింది. కిటికీలోంచి చూసి అక్కడే ఆగిపోయింది. "లోపలికెళ్తే పెద్దాయన మళ్ళీ తలెత్తుకోలేడనిపించిందమ్మా. కత్తి చూస్తే భయమేసింది. వెళ్ళాలో వద్దో తెలీక నిలబడిపోయాను," అని తర్వాత చెప్పింది. రొట్టె జారింది. నేల మీద దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. పాప పకపకా నవ్వింది. తాత నవ్వకపోయేసరికి ఆపేసింది. కాసేపు చూసి, కుర్చీ ఈడ్చుకెళ్ళి, ఫ్రిజ్ మీంచి ప్యాకెట్ తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారట. తర్వాత పళ్ళతో క్లిప్పు లాగారు. సంచిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీశారు. అది ఊరికే వచ్చేసింది. పట్టుకోనక్కర్లేదు, అదమనక్కర్లేదు. పళ్ళెంలో పెట్టి, చెంచాతో జామ్ వేసి, చెంచా వీపుతోనే మెల్లగా పరిచారు. తొందరపడితే చిరుగుతుందని ఆయన వేలికి అప్పుడే తెలిసిపోయినట్టుంది. పైన ఇంకో ముక్క మూసి పాప ముందుకు జరిపారు.

"తాత చేశాడు," అంది పాప, నేను మధ్యాహ్నం గడపలో కాలుపెట్టగానే. "తాతే చేశాడు. నాకు రెండు. తాతకి మూడు."

మావయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను వంగి మంచం కిందున్న రొట్టె తీసి దుమ్ము దులుపుతుంటే, "అది మెత్తబడిపోయి ఉంటుంది. పిట్టలకు వెయ్యి," అన్నారు.

మర్నాడు అత్తయ్య కంటికి పట్టీతో మంచం మీద కూర్చుని ఉన్నారు. మావయ్య వంటింట్లోంచి కర్ర లేకుండా, గోడకు భుజం ఆనించుకుంటూ, ఎడం చేత్తో పళ్ళెం పట్టుకుని వచ్చారు. నలభై ఏళ్ళ సంసారంలో ఆ మనిషి ఊరికంతా రొట్టెలు కాల్చాడు గానీ, భార్యకు పళ్ళెం అందించింది అదే మొదటిసారి. అత్తయ్య ఒంటి కంటితో పళ్ళాన్ని చూశారు, ఆయన్ని చూశారు. ముక్క తీసుకుని కొరికారు.

"వెన్న ఎక్కువైంది," అన్నారు.

"రేపు తగ్గిస్తాలే," అన్నారాయన.

అత్తయ్య మొత్తం తిన్నారు. నేను పాపకు జడ వేసే నెపంతో అవతలి గదిలోకి వెళ్ళిపోయాను.

ఇది జరిగిన పది రోజులకు మావయ్య నన్ను పిలిచారు. "అమ్మాయ్, మీ ఫ్యాక్టరీలోకి బయటివాళ్ళను రానిస్తారా?"

మా షిఫ్ట్ మేనేజరు మంచివాడే కానీ కొంటెమనిషి. మావయ్య మా బ్రెడ్డు గురించి ఏమంటారో అతని చెవిన పడకుండా ఉంటుందా? "బట్టీ పెద్దాయనా! తీసుకురండి, తీసుకురండి. ఆయనచేతే తప్పులు పట్టిద్దాం," అన్నాడు. ఒక ఆదివారం ఉదయం తీసుకెళ్ళాను. తెల్లకోటు వేశారు, తలకు టోపీ పెట్టారు, మీసానికి వల తగిలించారు. "రొట్టె కంటే నాకే ఎక్కువ ప్యాకింగ్ చేశారు," అన్నారు మావయ్య. మేనేజరుకు ఆ ఒక్క మాటతో ఆయన నచ్చేశారు.

ముందు పిండి గది. ఒక్కో దఫాకు పావు టన్ను పిండి, మూడున్నర నిమిషాల్లో ముద్దయి తొట్టిలోకి జారుతుంది. మావయ్య ఒక ఉండ చేతికి ఇప్పించుకుని బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అందరం ఆయన మొహంకేసి చూస్తున్నాం, ఇప్పుడేదో లోపం చెబుతారని. ఆయన ఉండను తిరిగి తొట్టిలో జాగ్రత్తగా పెట్టారు.

తర్వాత పిండి పొంగే గది. అద్దంలోంచి చూడాలి. లోపల ఆవిరి, వరసల మీద వరసలు అచ్చులు, ఒక్కో దాంట్లో తెల్లటి ముద్ద. నాలుగు వేల పైచిలుకు. ఊరికే చూస్తే ఏదీ కదలదు. ఒకదాని మీదే చూపు నిలిపి ఓపిక పడితే, అచ్చు అంచు దాకా అది పైకి వస్తున్నట్టు తెలుస్తుంది. మావయ్య ఎడమ అరచేయి అద్దానికి ఆనించి నిలబడ్డారు. అద్దం వెచ్చగా ఉంటుంది, నాకు తెలుసు.

"ఊపిరి తీసుకుంటున్నాయి," అన్నారు.

"అవునండీ," అన్నాను.

"అచ్చు గుద్దుతారనుకున్నాను. కాదు. ఇవీ పొంగుతున్నాయి." మళ్ళీ తనలో తనే, "ఇన్నీ ఒక్కసారే!" అన్నారు.

అక్కణ్ణుంచి పొయ్యి. ఒక చివర తెల్లగా వెళ్ళి, ఇరవై రెండు నిమిషాల తర్వాత అవతలి చివర గోధుమరంగులో వస్తాయి. ఆ వేడి గాలికి ఆయన మొహం విప్పారింది. ఐదు నెలల తర్వాత సొంతూరి గాలి తగిలినట్టు కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత చల్లబడే హాలు. కప్పు కింద మెలికలు తిరిగిన పట్టీల మీద రొట్టెలు రెండు గంటల సేపు ప్రయాణం చేస్తూనే ఉంటాయి. వేడిగా ఉండగా కోస్తే బంకలా బ్లేడుకు అంటుకుంటాయి, అందుకు. మావయ్య మెడ పైకెత్తారు. తల మీదుగా, ఒకదాని వెనక ఒకటిగా, చడీ చప్పుడూ లేకుండా పోతున్న ఆ వరసను చూస్తూ ఒక చుట్టు తిరగబోయి తూలారు. నేను పట్టుకున్నాను. ఆయన నన్ను విదిలించలేదు, చూపూ దించలేదు.

"గంటకెన్ని?" అని అడిగారు.

"ఆరు వేలండీ," అన్నాడు మేనేజరు. "రోజుకు ఇరవై గంటలు నడుస్తుంది."

మావయ్య పెదాలు కదిలాయి. ఆయనకు నోటి లెక్క బాగా వచ్చు. "నేను రెండు నెలలు కాల్చేది మీకు ఒక గంట పని." మళ్ళీ కాసేపటికి, "యాభై రెండేళ్ళు కాల్చాను. అదంతా మీకు పద్నాలుగు రోజులు."

ఈ మనిషిని ఎందుకు తీసుకొచ్చానా అనుకున్నాను. కానీ తిరిగి చూస్తే ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. నిజంగా అంత ఆశ్చర్యం నేను ఆ మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"మిగలవా?" అన్నారు.

"ఎక్కడ మిగులుతాయండీ! రేపు సాయంత్రానికి ఒక్కటి ఉండదు."

"అన్నీ తినేస్తారూ?"

"తినేస్తారు."

"రోజూ?"

"రోజూనండీ."

"అమ్మాయ్," అన్నారు మావయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇంతమందికి ఆకలేస్తుందంటే! రోజూ! నేను మన కొట్టు ముందు నిలబడ్డవాళ్ళనే చూశాను."

ఆఖరున నా గదికి వచ్చాం. తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్న మిషనే. పక్కపక్కన నిలువుగా సన్నటి బ్లేడులు, కంటికి ఆననంత వేగంగా ఆడుతుంటాయి. ఇటు నుంచి రొట్టె నిండుగా వెళ్తుంది. అటు నుంచి నిండుగానే వస్తుంది. ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒకటి తీసి ఆయన ఎడం చేతిలో పెట్టాను. అది చేతిలో కాస్త వంగగానే మెల్లగా విచ్చుకుని ఇరవై ముక్కలైంది. ఆయన దాన్ని మూశారు, మళ్ళీ వంచారు. పూర్తిగా మూస్తే గీత కూడా కనిపించదు. ఎన్నిసార్లు అలా చేశారో! పక్కనే బల్ల మీద కూర్చోబెడితే అరగంట దాకా లేవలేదు. ఒక్కో రొట్టె బ్లేడుల మధ్య నుంచి దాటుతుంటే ఆయన కుడి భుజం సన్నగా కదలడం చూశాను. ఆ చెయ్యి లేవలేదు గానీ, భుజం కోత కోస్తూనే ఉంది. నేను ఎప్పుడూ ఉద్యోగమనే అనుకున్న పనిని ఆ రోజు ఆయన పక్కన నిలబడి మొదటిసారి చూశాను.

మేనేజరు ఆగలేకపోయాడు. "ఇప్పుడు చెప్పండి పెద్దాయనా. ఇది రొట్టేనా, కాదా?"

మిషను దగ్గరున్న ఆడవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. మావయ్య చేతిలోది ఒళ్ళో పెట్టుకుని, దాంట్లోంచి ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలారు.

"ఉప్పు చాల్లేదు," అన్నారు. "పై పొర ఉన్నా లేనట్టే. నమలడానికి పంటికి పని లేదు. పులుపు రానివ్వలేదు, అంత తొందరేమిటో మీకు."

మేనేజరు నవ్వు తగ్గింది.

"మంచి రొట్టె కాదు," అన్నారు మావయ్య. "రొట్టే."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ ఏదో అన్నాన్లే. మా మనవరాలు ఆకలి అంది, నేను ఇదే పెట్టాను, అది కడుపు నిండా తింది. కాదనడానికి మధ్యలో నేనెవర్నయ్యా?"

బస్సులో ఇంటికొస్తుంటే ఆయన ఒళ్ళో మేనేజరు ఇచ్చిన ప్యాకెట్టు. బస్సు కుదిపినప్పుడల్లా దానికి ఎడం చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, నలగకుండా.

ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికారు. కుడి చెయ్యి తిరిగి రాలేదు. పొద్దున్న పళ్ళేలు ఆయనవి, అందరికీ ఆయనే మా ఫ్యాక్టరీ ముక్కల మీద వెన్న రాసి పెట్టేవారు. సాయంత్రం బట్టీ రొట్టె, అత్తయ్య కోసేవారు, ఆయన తలెత్తుకునే తినేవారు. మా ఆయన కాల్చిన దాంట్లో తప్పులు పట్టడం మానలేదు. ఒకసారి పాత గిరాకీ ఒకాయన కొట్టు ముందు నిలబడి, మెచ్చుకోలుగా, "ఆ ఫ్యాక్టరీది కూడా ఒక రొట్టేనాండీ, దూది," అన్నాడు. ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ పెద్దమనిషి మరిచిపోయినట్టున్నాడు. మావయ్య కర్రతో నేల మీద ఒక్కటి కొట్టి, "రుచి లేదను, ఒప్పుకుంటాను. ఎదటివాడి నోటి దగ్గర ముద్దను మాత్రం పేర్లు పెట్టి లాక్కోకు," అన్నారు. ఆ గిరాకీ రొట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

చివరి ఏడాది నడక తగ్గిపోయింది. ఉదయం ఏడింటికి కుర్చీ వీధి కిటికీ దగ్గరకు జరపమనేవారు. నాకు మధ్యాహ్నం షిఫ్టు ఉన్న రోజుల్లో నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఆ వేళకు వీధి నిండా మనుషులు. ఆఫీసులకూ బడులకూ పోయేవాళ్ళు, చీపుళ్ళవాళ్ళు, నర్సులు, సిమెంటు పనివాళ్ళు. ఆయన ఒక్కొక్కరి మొహం చూసేవారు, ఆ ఫ్యాక్టరీ హాల్లో కప్పు కింద రొట్టెల వరసను చూసినట్టే.

"వీళ్ళంతా ఏదో ఒకటి తినే బయల్దేరి ఉంటారంటావా?" అని అడిగేవారు.

"తినే ఉంటారు మావయ్యా."

"అందరూ?"

"చాలామంది."

"ఎవరు పెట్టారో చూడు ఇంతమందికి," అనేవారు. వీధి ఖాళీ అయ్యేదాకా కిటికీ మూయనిచ్చేవారు కారు.